పిప్ నిర్ణయాన్ని సవాలు చేయడం, ఇంటి వద్ద జరిగే మదింపుకు సిద్ధం కావడం

ఇంగ్లండ్, వేల్స్‌లలో పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌ను, అంటే దీర్ఘకాలిక జబ్బు లేదా వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే పిప్ భత్యాన్ని, నిరాకరించినా తగ్గించినా, నిర్ణయపు ఉత్తరంపై ఉన్న తేదీ నుంచి ఒక నెలలోగా పునఃపరిశీలన కోరాలి. అప్పటికీ ఫలితం మారకపోతే, ఆ నోటీసు తేదీ నుంచి మరో నెలలోగా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ముందుగా మీ ఇబ్బందులను బట్టి పాయింట్లు సూచించే మదింపు నివేదిక ప్రతిని అడిగి తెప్పించుకోండి. అన్యాయం జరిగిందని మాత్రమే రాస్తే ప్రయోజనం తక్కువ. రోజువారీ జీవనానికి సంబంధించిన 10 పనుల్లో, కదలికకు సంబంధించిన 2 పనుల్లో ఎక్కడ పాయింట్లు తగ్గాయో చూసి, ఒక్కొక్కదానికి ఉదాహరణతో జవాబివ్వాలి. ఏ భాగంలోనైనా 8 పాయింట్లు వస్తే సాధారణ రేటు, 12 వస్తే హెచ్చు రేటు లభిస్తుంది. ఒక పనిని ఎలాగోలా చేయగలగడం చాలదు: సురక్షితంగా, సరిపడినంత బాగా, అవసరమైనన్నిసార్లు, మామూలు మనిషికి పట్టే సమయానికి రెట్టింపు మించకుండా చేయగలరా అన్నదే ప్రశ్న.

ప్రయాణం చేయలేనివారు డాక్టరు ఉత్తరం జతచేసి ఇంటి వద్దే మదింపు జరపమని కోరవచ్చు. మందుల జాబితా, ఆసుపత్రి ఉత్తరాలు దగ్గర పెట్టుకోండి. కుటుంబసభ్యుడొకరు పక్కనుండవచ్చు, దుబాసీ కావాలంటే ముందే చెప్పాలి. ఇక మనవాళ్లకు ఒక అలవాటుంది: గుమ్మంలోకి ఎవరొచ్చినా నొప్పిని దిగమింగుకుని లేచి టీ పెడతాం, "బాగానే ఉన్నామండీ" అంటాం. ఆ మర్యాద కూడా నివేదికకెక్కవచ్చు కనుక, లేవలేని రోజు ఎలా గడుస్తుందో, అలాంటి రోజులు నెలలో ఎన్నో, ఉన్నదున్నట్టు చెప్పండి.