రెజిన్ వస్తువులు చుట్టే ముందు
రెజిన్‌తో (అచ్చులో పోస్తే గట్టిపడే చిక్కటి ద్రవం) చేసిన కోస్టర్లు (కప్పు, గ్లాసు కింద పెట్టే బిళ్లలు), కీచైన్లు 24 గంటల్లో అచ్చులోంచి ఊడొచ్చేస్తాయి కదా అని వెంటనే బబుల్ ర్యాప్ చుట్టేయకండి. పైకి గట్టిగా కనిపించినా ఇంకా పచ్చిగానే ఉంటాయి. చాలా రకాల రెజిన్ పూర్తిగా గట్టిపడటానికి 3 నుంచి 7 రోజులు పడుతుంది. ఈలోగా చుట్టేస్తే, వేడికి ఆ బుడగల గుండ్రటి గుర్తులు మెరిసే ముఖం మీద దిగిపోతాయి. తుడిస్తే పోవు, మళ్లీ పైపూత పోయాల్సిందే. అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడే వారం గడువు అడగండి. ఆరేదాకా బల్లపరుపుగా ఉంచండి, గోడకి ఆనిస్తే కోస్టర్ వంగిపోతుంది. ప్యాకింగ్‌లో ముందు బటర్ పేపర్, దాని మీద బబుల్ ర్యాప్. పెట్టె మూసి ఊపి చూడండి; చప్పుడైతే ఖాళీల్లో నలిపిన కాగితం కూరండి. కత్తిరించిన కాగితం ముక్కలు అందమే గానీ, తెరిచినవాళ్ల ఇల్లంతా చెత్త.