కార్యాలయంలో టెలిఫోన్ – మూడవ పాఠం: మామూలు ఫోన్‌తో కాల్ బదిలీ

కార్యాలయపు సొంత ఎక్స్ఛేంజ్ అయిన ఈపీఏబీఎక్స్ పెట్టె నుంచి తీగలను కలిపే క్రోన్ మాడ్యూల్ దాకా, అక్కడి నుంచి బల్ల దగ్గరి రోజెట్ (ఫోన్ ప్లగ్గు పెట్టే చిన్న పెట్టె) దాకా రెండు తీగలు ఎలా వస్తాయో గత పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ రోజెట్‌కు, కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు టెలిఫోన్ తగిలించి, బయటికి మాట్లాడడం, వచ్చిన కాల్‌ను మరో ఎక్స్‌టెన్షన్‌కు, అంటే కార్యాలయంలోని మరో ఫోన్‌కు, ఇవ్వడం నేర్చుకుందాం. ఒక్కో పనికి ఒక్కో మీట ఉండే ఖరీదైన కీఫోన్ ఒక్క రిసెప్షన్‌లో ఉంటే చాలు, మిగతా బల్లలకు మామూలు ఫోనే సరిపోతుందని నా అభిప్రాయం.

తగిలించే ముందు ఒక్క సంగతి చూసుకోవాలి. డిజిటల్ కీఫోన్‌కూ చాలా సిస్టమ్‌లలో రెండు తీగలే వస్తాయి, ప్లగ్గు కూడా చూడడానికి ఒకేలా ఉంటుంది. అయినా కీఫోన్ పోర్టుకు మామూలు ఫోన్ పెడితే డయల్‌టోన్ రాదు. మామూలు ఫోన్ కోసం ఉన్న అనలాగ్ ఎక్స్‌టెన్షన్ పోర్టే కావాలి. మీది కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఎక్స్ఛేంజ్ అయితే మధ్యలో ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టులు (మామూలు ఫోన్ తగిలించేవి) ఉన్న గేట్‌వే పెట్టుకోవాలి.

మామూలు ఫోన్‌కు తనంతట తానుగా తెలిసింది చాలా తక్కువ. రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు తీగల మధ్య సాధారణంగా 48 వోల్టులు, కొన్ని చిన్న పెట్టెలలో 24 వోల్టుల డీసీ ఉంటుంది. రిసీవర్ ఎత్తగానే ఫోన్ ఆ రెండు తీగలను కలిపి కరెంటు పారనిస్తుంది, పారిందని గమనించిన ఎక్స్ఛేంజ్ డయల్‌టోన్ పంపుతుంది. గంట మోగించేటప్పుడు మాత్రం అదే తీగలలో 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది కనుక, పైపొర తీసిన తీగలను వట్టి చేతితో పట్టుకోకండి, కాల్ వస్తే షాక్ గట్టిగానే తగులుతుంది. ఇక అంకె నొక్కితే రెండు స్వరాలు కలిసి వెళ్తాయి: 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌లు. సెట్టు పక్కనున్న మీట పల్స్ వైపు ఉంటే ఈ స్వరాలు వెళ్లవు, వాటి బదులు లైను అంకెకు తగినన్నిసార్లు తెగి కలుస్తుంది, స్టార్, హ్యాష్ మీటలు పని చేయవు. అందుకే ముందుగా ఆ మీటను టోన్ వైపు జరపండి.

చాలా కార్యాలయాలలో బయటి లైనుకు 0 నొక్కాలి, కొన్నింటిలో 9. హైదరాబాద్‌లోని ల్యాండ్‌లైన్‌కైతే 0 నొక్కి, బయటి టోన్ విని, 040 లేకుండా ఎనిమిది అంకెలు నొక్కితే సరి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు నంబరుకు ముందు 0 చేర్చాలన్న నియమం 2021 జనవరి 15 నుంచి అమలులో ఉంది. కాబట్టి బయటి లైనుకు ఒక 0, మొబైల్ నంబరు ముందు మరో 0, మొత్తం రెండు సున్నాలు. కొత్తగా చేరినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రీడయల్ నొక్కితే కాల్ వెళ్లడం లేదంటే, ఫోన్ బయటి టోన్ కోసం ఆగకుండా అంకెలన్నీ ఒక్క గుక్కలో పంపేస్తోందన్నమాట. మొదటి 0 తర్వాత పాజ్ మీట నొక్కి డయల్ చేస్తే రీడయల్‌లోనూ ఆ విరామం నిలుస్తుంది.

బదిలీ అంతా ఫ్లాష్ మీట మీదే ఆధారపడి ఉంది. అది లైనును సెకనులో కొద్ది భాగం సేపు తెంచి మళ్లీ కలుపుతుంది, ఎక్స్ఛేంజ్ ఆ తెంపు ఎంతసేపు ఉందో కొలుస్తుంది. మరీ తక్కువైతే పట్టించుకోదు, లేదా పల్స్ పద్ధతిలో 1 డయల్ చేశారనుకుంటుంది. మరీ ఎక్కువైతే రిసీవర్ పెట్టేశారనుకుని కాల్ తెంచేస్తుంది. అబిడ్స్‌లో ఒక చిన్న కార్యాలయంలో బదిలీ చేసిన ప్రతి కాలూ తెగిపోతోందని నన్ను పిలిచారు. ఫోన్లు 600 మిల్లీసెకన్ల ఫ్లాష్ ఇస్తున్నాయి, ఎక్స్ఛేంజ్‌లో గరిష్ఠ పరిమితి 300 పెట్టి ఉంది. పరిమితి పెంచాను, ఒక్క తీగ కూడా మార్చకుండానే సమస్య తీరింది. పెట్టె ప్రోగ్రామింగ్ మీ చేతిలో లేకపోతే, కొన్ని సెట్లలో ఫ్లాష్ వ్యవధిని సెట్టులోనే మార్చుకునే ఏర్పాటు ఉంటుంది, చూడండి. ఫ్లాష్‌కు బదులు రిసీవర్ పెట్టే మీటను వేలితో తట్టే అలవాటు మాత్రం మానుకోవాలి, ఎందుకంటే ఏ ఇద్దరి వేళ్లూ ఒకే వ్యవధి ఇవ్వవు.

పద్ధతి ఇది. అవతలివారితో “లైనులో ఉండండి” అని చెప్పి ఫ్లాష్ నొక్కండి. డయల్‌టోన్ వస్తుంది, అవతలివారికి సంగీతం వినిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కి, ఎత్తినవారికి ఎవరు, ఏ పని మీద పిలుస్తున్నారో చెప్పి, వారు సరేనన్న తర్వాతే రిసీవర్ పెట్టేయండి. ఎవరూ ఎత్తకపోతే చాలా సిస్టమ్‌లలో మళ్లీ ఫ్లాష్ నొక్కగానే మొదటి కాల్ మీ దగ్గరికి తిరిగి వస్తుంది. చెప్పకుండా పెట్టేసే బదిలీని నేను ఎవరికీ నేర్పను, పిలిచినవారు తమ పనిని మొదటి నుంచి మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది.

అభ్యాసం: మీ సెల్‌ఫోన్ నుంచి కార్యాలయానికి కాల్ చేసి, ఆ కాల్‌ను పక్క బల్లకు ఐదుసార్లు బదిలీ చేయండి. ఒక్కసారైనా తెగితే, ఫ్లాష్ నొక్కాక డయల్‌టోన్ వచ్చిందో లేదో పుస్తకంలో రాసుకోండి. మోగుతున్న పక్క బల్ల ఫోన్‌ను మన బల్ల నుంచే ఎత్తే కాల్ పికప్ గురించి నాలుగవ పాఠంలో.