బ్రౌజర్‌లో పిక్సెల్ హారర్ గేమ్: చిక్కులు ఎందుకొస్తాయి, ఎలా సరిచేసుకోవాలి

పిక్సెల్ హారర్ అంటే పెద్ద పెద్ద చుక్కలతో గీసిన బొమ్మలతో భయపెట్టే గేములు. వీటిలో చీకటి, నిశ్శబ్దం, అరకొర తూటాలు, ఎక్కడో ఒకచోట మాత్రమే దొరికే సేవ్, అన్నీ తయారుచేసినవాళ్లు కావాలని పెట్టినవే. అందుకే బ్రౌజర్‌లో నిజంగా ఏదైనా చెడినా ఇదీ గేమ్‌లో భాగమేలే అనుకుంటాం. గాజువాకలో మా మేనల్లుడు పాడుబడ్డ ఆసుపత్రి గేమ్ ఒకటి గంటసేపు శబ్దమే లేకుండా ఆడాడు. అడిగితే "ఇది ఇలాగే ఉంటాదేమో అనుకున్నాను మావయ్యా" అన్నాడు. వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు వినకపోతే ఆ గేమ్‌లో సగం పోయినట్టే. వాడి కంప్యూటర్లో, నా దాంట్లో ఎదురైనవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

శబ్దం రావడం లేదు

మనం పేజీని ఒక్కసారైనా ముట్టుకోకుండా శబ్దం మొదలవకూడదని క్రోమ్ 2018లో నిబంధన పెట్టింది. మిగతా బ్రౌజర్లలోనూ ఇలాంటివే ఉన్నాయి. తెరవగానే సంగీతం మొదలుపెట్టాలని చూసే గేమ్ అక్కడే మూగబోతుంది. పేజీ రీలోడ్ చేసి, ముందు గేమ్ బొమ్మ మధ్యలో ఒక్కసారి క్లిక్ చేయండి, తర్వాతే ఆట మొదలుపెట్టండి. అయినా రాకపోతే ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి, సైట్ మ్యూట్‌లో ఉందేమో చూడండి.

శబ్దం వస్తోంది గానీ అడుగులు ఏ వైపు నుంచో తెలియడం లేదంటే అది వేరే సంగతి. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో స్నేహితుడితో కాల్‌లో ఉండి ఆడితే, మైక్ వాడుకలోకి రాగానే చాలా హెడ్‌సెట్లు నాణ్యత తగ్గిన మోనోలోకి దిగిపోతాయి. ఎడమా కుడీ ఒకటైపోతాయి. పైగా బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. ఈ గేములకు వైరున్న ఇయర్‌ఫోన్సే మేలని నా గట్టి అభిప్రాయం. విండోస్‌లో మోనో ఆడియో ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి.

బొమ్మ మసకగా, గళ్లు వంకరగా ఉంది

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఈ గేముల్లో పాత్ర ముఖం మొత్తం ఎనిమిది పది చుక్కలు, కన్ను ఒకే ఒక్క చుక్క. ఆ చుక్క పక్కదానిలోకి కారితే ఎదురుగా నిలబడ్డ పిల్ల కళ్లు తెరిచి ఉందో మూసుకుందో తెలియదు. గీసినవాళ్ల కష్టమంతా ఆ చుక్కలోనే ఉంది.

అసలు బొమ్మ 320×180 చుక్కలు అనుకుందాం. నాలుగింతలు చేస్తే 1280×720, ఆరింతలు చేస్తే 1920×1080, రెండూ సరిగ్గా సరిపోతాయి. చవక ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే 1366×768 తెర మీద ఫుల్‌స్క్రీన్ చేస్తే మాత్రం నాలుగుంపావు కంటే కాస్త ఎక్కువ అవుతుంది. అప్పుడు బొమ్మలోని ఒక్కో గడి కొన్నిచోట్ల తెర మీది నాలుగు చుక్కల వెడల్పు, కొన్నిచోట్ల ఐదు ఉంటుంది, లేదంటే అంతా అలికేసినట్టు కనిపిస్తుంది.

ముందు కంట్రోల్, సున్నా నొక్కి జూమ్‌ని 100కి తెండి. విండోస్ డిస్‌ప్లే స్కేల్ 125 శాతంలో ఉంటే బ్రౌజర్ జూమ్ 80కి, 150లో ఉంటే 67కి పెడితే లెక్క సరిపోతుంది. గేమ్ సెట్టింగ్స్‌లో పిక్సెల్ పర్ఫెక్ట్ అనో, ఇంటీజర్ స్కేలింగ్ (పూర్తి ఇంతలుగానే పెంచడం) అనో ఉంటే ఆన్ చేయండి. చుట్టూ నల్ల అంచులు వస్తాయి, రానివ్వండి. ఇన్ని చేసినా మసకగానే ఉంటే, చుక్కల్ని నునుపు చేయొద్దని గేమ్ రాసినవాళ్లు బ్రౌజర్‌కి చెప్పలేదన్నమాట. అది వాళ్లే దిద్దాలి, మర్యాదగా తెలియజేయండి.

మరీ చీకటిగా ఉంది

ఉదయం పూట సముద్రం వైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఏ హారర్ గేమూ కనబడదు, కర్టెన్ వేయండి. పేజీలను నల్లగా మార్చే ఎక్స్‌టెన్షన్ ఉంటే ఆ సైట్‌కి ఆపేయండి. గేమ్‌లో బ్రైట్‌నెస్ సరిచూసుకునే తెర ఉంటే వాళ్లు చెప్పినంతే పెట్టండి, దాన్ని మించి వెలుగు పెంచితే దాక్కున్నవన్నీ బయటపడిపోతాయి.

కీలు పనిచేయడం లేదు

యారో నొక్కితే మనిషి బదులు పేజీ కదులుతుంటే, గేమ్ మీద ఒకసారి క్లిక్ చేయండి చాలు.

తెలుగు టైప్ చేసేవాళ్లకు మాత్రం ఇంకో చిక్కుంది. విండోస్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిసి పడితే కీబోర్డ్ భాష మారిపోతుంది. పరుగుకి షిఫ్ట్ వాడే గేమ్‌లో ఇది ఎప్పుడు జరిగిందో కూడా తెలియదు. చాలా గేముల్లో నడవడానికి డబ్ల్యూ, ఏ, డీ కీలే వాడతాం. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ అమరికలో డబ్ల్యూ నొక్కితే ఐత్వం, ఏ నొక్కితే ఓత్వం, డీ నొక్కితే పొల్లు వెళ్తాయి. కీ ఉన్న చోటును చూసే గేముకి ఇబ్బంది లేదు, అక్షరాన్ని చూసే గేముకి ఏమీ అర్థం కాదు. విండోస్ కీ, స్పేస్ నొక్కి ఇంగ్లీషుకి రండి. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉన్నా కొన్ని గేములు ఇలాగే మొరాయిస్తాయి. షిఫ్ట్‌ని వరసగా ఐదుసార్లు నొక్కితే వచ్చే స్టిక్కీ కీస్ పెట్టెను ముందే సెట్టింగ్స్‌లో ఆపేయండి.

అన్నిటికంటే ప్రమాదం కంట్రోల్, డబ్ల్యూ. వంగడానికి కంట్రోల్, ముందుకు నడవడానికి డబ్ల్యూ. మావాడు మంచం కింద దూరుతూ రెండూ కలిపి నొక్కాడు, ట్యాబ్ మూసుకుపోయింది. మామూలు ట్యాబ్‌లో ఈ షార్ట్‌కట్‌ని గేమ్ ఆపలేదు. కంట్రోల్, షిఫ్ట్, టీ నొక్కితే పేజీ తిరిగొస్తుంది గానీ సేవ్ చేయని ఆట రాదు. మొదటి నిమిషంలోనే వంగే కీని సీకి మార్చుకోండి.

నత్తనడక నడుస్తోంది

క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉండాలి. అది ఆగితే బొమ్మలు గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకు మారినప్పుడు పవర్ సేవర్ కూడా వేగం తగ్గిస్తుంది. మే నెల ఉక్కపోతలో ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టకండి, గాలి ఆడక వేడెక్కి అదే నెమ్మదిస్తుంది.

అసలు తెరుచుకోవడం లేదు

పాత ఫ్లాష్ గేములైతే 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో నడవవు. ఫ్లాష్ ప్లేయర్ పనిని అనుకరించే రఫుల్ అనే ఎమ్యులేటర్‌లో చాలావరకు నడుస్తాయి. కొత్తవైతే యాడ్ బ్లాకర్ ఆపి రీలోడ్ చేయండి. హాట్‌స్పాట్ మీదైతే డౌన్‌లోడ్ అయ్యేదాకా ఓపిక పట్టాలి.

సేవ్ పోయింది

బ్రౌజర్ గేమ్ సేవ్ ఎక్కువగా మీ కంప్యూటర్లోనే, ఆ బ్రౌజర్‌లోనే, ఆ సైట్ పేరు మీదే ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో, అంటే చరిత్ర దాచుకోని ప్రైవేట్ విండోలో ఆడితే, దాన్ని మూయగానే పోతుంది. సైట్ డేటా తుడిచినా, క్లీనర్ యాప్ నడిపినా పోతుంది. క్రోమ్‌లో ఆడింది ఫైర్‌ఫాక్స్‌లో కనిపించదు. గేమ్ వేరే సైట్ లోపల చిన్న కిటికీలా తెరుచుకునేదైతే, థర్డ్ పార్టీ కుకీలు (మనం తెరిచిన సైట్ కాక వేరే సైట్ బ్రౌజర్‌లో దాచుకునేవి) ఆపినప్పుడు అసలు సేవే కాకపోవచ్చు. ఐఫోన్ సఫారీలో, ఆ సైట్‌ను ముట్టుకోకుండా ఏడు రోజులు సఫారీ వాడితే ఆ సైట్ దాచుకున్నది తుడిచేస్తుంది.

కొత్త గేమ్ ఏదైనా నేను మొదటి సేవ్ దగ్గర ఆగుతాను. సేవ్ చేసి, బ్రౌజర్ మొత్తం మూసి, మళ్లీ తెరుస్తాను. కంటిన్యూ అని కనిపిస్తేనే ముందుకు. సేవ్ ఎక్స్‌పోర్ట్ అనే బటన్ ఉంటే ఆ రాత్రి ఆట ముగించేముందు ఆ ఫైల్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేస్తాను. మావాడిది పదకొండు గంటల ఆట పోయాక, వాడి కంప్యూటర్లోనూ అందుకొక ఫోల్డర్ పెట్టి ఇచ్చాను.