గోరు కండలోకి దిగినా, వేలి కొన నలిగినా: ఇంట్లో చేయదగినవి, డాక్టరుకు వదిలివేయవలసినవి

జూన్‌లో బడులు తెరిచేటప్పుడు కొన్న నల్ల బూట్లు సంక్రాంతి నాటికి పిల్లల కాళ్లకు బిగుతైపోతాయి. వేసవి సెలవులకు ఇంకా మూడు నెలలే ఉన్నాయి కదా అని మనం కొత్తవి కొనము. ఆ మూడు నెలల్లోనే కాలి బొటనవేలి పక్కన చర్మం ఎర్రబారి, సాక్సు తగిలినా పిల్లవాడు అబ్బా అనడం మొదలవుతుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు నేల్ కట్టర్ తీసుకుని, గుచ్చుకుంటున్న గోటి మూలను లోపలిదాకా తవ్వి కత్తిరిస్తారు. నొప్పి వెంటనే తగ్గుతుంది కాబట్టి చేసింది మంచి పనే అనిపిస్తుంది గానీ, అసలు జబ్బు చాలాసార్లు ఆ కత్తిరింపుతోనే ముదురుతుంది.

మూలను తవ్వినప్పుడు కట్టర్ అందని చోట, చర్మం మడత కింద, గోటి అంచు ముల్లులా మొనదేలి మిగిలిపోతుంది. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది గనుక కొన్ని వారాల్లో ఆ ముల్లు ముందుకు వచ్చి కండలో దిగుతుంది. శరీరం దాన్ని బయటినుంచి దిగిన ముల్లుగానే లెక్కగట్టి మొదట వాపు, తర్వాత రసి, చీము చూపిస్తుంది. ఇంకా వదిలేస్తే గోటి పక్కన ఎర్రటి పచ్చి కండ పెరిగి, ముట్టుకుంటేనే నెత్తురు వస్తుంది. ముల్లు లోపల ఉన్నంతవరకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు చేయగలిగింది చాలా తక్కువ.

ఎరుపు, కొద్దిపాటి వాపు మాత్రమే ఉన్న దశలో ఇంటి వైద్యం బాగా పనిచేస్తుంది. వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి (ఆ వేడికి మన భాషలో గోటి పేరే పెట్టారు) పదిహేను, ఇరవై నిమిషాల పాటు రోజుకు మూడుసార్లు పాదాన్ని నాననివ్వాలి. తర్వాత వేళ్ల సందులతో సహా మెత్తని గుడ్డతో తుడిచి, గోటి మీదికి ఎక్కిన చర్మాన్ని బొటనవేలితో మెల్లగా పక్కకు నొక్కాలి. ఇప్పుడు చిటికెడు దూదిని దీపపు వత్తి చేసినట్లు వేళ్ల మధ్య నలిపి, బియ్యపు గింజకంటే సన్నని వత్తి చేసి, నానిన గోటి మూలను కొద్దిగా పైకెత్తి దాని కింద దూర్చాలి. చురుక్కుమంటే అక్కడే ఆగాలి, మరునాడు ఇంకొంచెం లోపలికి వెళుతుంది. ఆ దూదిని రోజూ మార్చాలి. గోటి మూల కండను దాటి బయటికి కనిపించేదాకా, అంటే కొన్ని వారాల పాటు, ఇలా ఓపిక పట్టవలసిందే. ఈ కాలమంతా ముందుభాగం తెరిచి ఉన్న చెప్పులే వేసుకోవాలి. వానాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీళ్లలో నడిచి వస్తే ఇంటికి రాగానే సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవాలి.

మధుమేహం ఉన్నవారు, కాళ్లకు రక్తప్రసారం తక్కువగా ఉన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గినవారు పై పద్ధతిని ఇంట్లో ప్రయత్నించకూడదు. వారికి నీళ్ల వేడి ఎంతో తెలియదు, చిన్న గాటు కూడా పెద్ద పుండు కావచ్చు. మిగతావారైనా చీము పట్టినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఎరుపు పాదం మీదికి పాకుతున్నప్పుడు ఆలస్యం చేయకూడదు.

డాక్టరు దగ్గర జరిగే చికిత్స గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో నేను రెండేళ్లు నష్టపోయాను. మా ఇంటి దగ్గరి ఒక నర్సింగ్‌హోంలో నా బొటనవేలి గోరంతా రెండుసార్లు పీకేశారు, రెండుసార్లూ గోరు తిరిగి వచ్చి అదే చోట గుచ్చుకుంది. మూడోసారి వెళ్లిన సర్జన్ గోరంతా ముట్టుకోలేదు. వేలి మొదట్లో రెండు వైపులా మత్తు ఇంజక్షన్ ఇచ్చారు, మొత్తం వ్యవహారంలో నొప్పి పుట్టించింది అదొక్కటే. తర్వాత గుచ్చుకుంటున్న వైపు మూడు, నాలుగు మిల్లీమీటర్ల పట్టీని వేరుదాకా నిలువుగా చీల్చి తీసేసి, ఆ పట్టీ మొలిచే వేరుకు మాత్రం దాన్ని మాడ్చే ఫినాల్ అనే రసాయనం అద్దారు. వేరు మాడిపోతే ఆ పట్టీ మళ్లీ మొలవదు, మిగిలిన గోరు కాస్త సన్నగా, మామూలుగానే ఉంటుంది. గోటి పట్టీ తీసి ఊరుకోవడం కంటే వేరుకు ఫినాల్ పెట్టినప్పుడు జబ్బు తిరగబెట్టడం బాగా తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు "వేరుకు కూడా ఏమైనా చేస్తారా?" అని అడగడం మీ హక్కు. ఫినాల్ అంటే ఇల్లు తుడిచే ఫినాయిల్ కాదు, పేరు దగ్గరగా ఉందని ఎవరూ ఆ ప్రయోగం చేయవద్దు. గర్భిణులైతే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఆ రోజే నడిచి ఇంటికి రావచ్చు గానీ, రెండు నుంచి నాలుగు వారాల దాకా రసి కారుతూనే ఉంటుంది, అది చీము కాదు. జనరల్ సర్జన్లు, చర్మవైద్యులు ఈ పని చేస్తారు. ఖర్చుకు వెనకాడేవారు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల ఓపీలో చూపించుకోవచ్చు.

గోరు మానిన తర్వాత దాన్ని అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. రెండు మూలలూ చర్మం బయట కంటికి కనబడుతూ ఉండాలి, పార్లర్‌లో పెడిక్యూర్ చేసే అమ్మాయికి కూడా ఈ మాట ముందే చెప్పాలి. కొత్త బూట్లు సాయంత్రం పూట కొనడం మేలు, ఆ వేళకు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

చేతి గోళ్ల సంగతికి వస్తే, గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఊరికే పుట్టలేదు. గోటి చుట్టూ చర్మం వాచి సలుపుతున్నప్పుడు వేలికి నిమ్మకాయ తొడగడం మన ఇళ్లలో పాత అలవాటే అయినా, చీము పట్టిన తర్వాత నిమ్మకాయ దాన్ని బయటికి తీయలేదు. తొలిరోజుల్లో గోరువెచ్చని నీళ్లు చాలు, చీము తెల్లగా కనబడితే డాక్టరు చిన్న గాటుతో తీసేస్తారు. చిన్న చిన్న నీటి పొక్కుల గుంపులా ఉంటే మాత్రం కోయకూడదు, అది వైరస్ వల్ల వచ్చేది. రోజంతా గిన్నెలు తోమేవారికి నెలల తరబడి ఉండే గోరుచుట్టుకు అసలు మందు వేళ్లను పొడిగా ఉంచుకోవడమే.

ఇక వేలి కొన నలగడం. పాత అపార్ట్‌మెంట్లలోని లిఫ్టు జాలీ తలుపు, కారు డోరు, దుకాణం షట్టరు, బాలానగర్, జీడిమెట్ల వర్క్‌షాపుల్లోని ప్రెస్ మెషీన్లు, ఇవన్నీ వేలి కొనలనే పట్టుకుంటాయి. ముందుగా ఉంగరం తీసేయాలి, ఆలస్యమైతే వాపు వచ్చి అది రాదు. తర్వాత కుళాయి నీళ్ల ధార కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి, చేతిని గుండెకంటే ఎత్తులో పట్టుకోవాలి. పసుపు, కాఫీపొడి, సున్నం, టూత్‌పేస్ట్ ఏవీ పెట్టకూడదు, గాయాన్ని చూడాలంటే డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది, ఆ బాధ పడేది మీరే. వేలాడుతున్న గోటిని పీకవద్దు.

చర్మం తెగకుండా గోటి కింద మాత్రమే నెత్తురు గడ్డకట్టి నల్లబడితే సలుపు భరించలేనిదిగా ఉంటుంది, కింద ఎముక, పైన గోరు, మధ్యలో నెత్తురుకు చోటు లేదు. ఆసుపత్రిలో సూదితోగానీ కాల్చిన తీగతోగానీ గోటికి చిన్న రంధ్రం చేస్తారు. గోటికి నరాలు లేవు కనుక రంధ్రం పడినట్లే తెలియదు, ముదురు నెత్తురు బొట్టు బయటికి ఉబికిన మరుక్షణం మనిషి ముఖం తేటపడుతుంది. ఇది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పనికివస్తుంది. గోరు, దాని అంచులు చెక్కుచెదరకుండా ఉంటే గోరు తీయవలసిన పనిలేదు. ఇంటి స్టవ్ మీద సూది కాల్చి ఈ పని చేయవద్దు: కింద ఎముక విరిగి ఉంటే ఆ రంధ్రం నుంచే ఎముకకు చీము పట్టవచ్చు, అతికించుకున్న కృత్రిమ గోళ్లయితే మంటే అంటుకోవచ్చు. అందుకే ఎక్స్‌రే ముందు. నల్లమచ్చ గోటితోపాటు ముందుకు జరుగుతూ పోతుంది. దెబ్బ తగలకుండానే నల్లటి చార ఏర్పడి, కదలకుండా ఉన్నా, వెడల్పవుతున్నా, పక్క చర్మం మీదికి పాకినా చర్మవైద్యుడికి చూపించాలి, అరుదుగా అది క్యాన్సర్ కావచ్చు.

గోరు ఊడి దాని కింది మెత్తని పొర చిరిగితే అప్పుడు కుట్లు అవసరం. చాలామంది ఊడిన గోటి కోసం బాధపడతారు గానీ గోరు ఎలాగూ వస్తుంది, అది ఏ పొర మీద జారుతూ పెరుగుతుందో ఆ పొర మడతపడి మానితే మాత్రం జీవితాంతం చీలిన గోరో, గట్లుగట్లుగా ఉండే గోరో మిగులుతుంది. అందుకే వెంట్రుకలాంటి సన్నని, తనంతట కరిగిపోయే దారంతో ఆ పొరను అంచుకు అంచు కలిపి కుడతారు. పాత గోటిని కడిగి మూతలా తిరిగి పెట్టడం చాలాకాలంగా ఆనవాయితీ, కానీ పిల్లల మీద బ్రిటన్‌లో జరిపి 2023లో ప్రచురించిన ఒక పెద్ద పరీక్షలో గోటిని పెట్టినా పారేసినా ఫలితంలో తేడా కనిపించలేదు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ఆరు నెలల్లో, కాలి గోరు ఏడాది నుంచి ఏడాదిన్నరలో పూర్తిగా తిరిగి వస్తుంది.

పిల్లల్లో ఒక గాయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు: గోటి మొదలు చర్మం కిందినుంచి పైకి లేచి, వేలి కొన కిందికి వంగి ఉంటే ఎముక పెరిగే చోటే విరిగి ఉండవచ్చు, అదే రోజు చూపించాలి. పెద్దవారిలో పైకి గాయం కనబడకుండా వేలి కొన వాలిపోయి నిటారుగా లేవకపోతే నరం తెగిందంటాం గానీ తెగేది కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి స్నాయువు. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల బద్దకట్టు, మధ్యలో ఒక్కసారి వంచినా లెక్క మొదటికి వస్తుంది.

వేలి ముక్క తెగిపడితే దాన్ని కడిగి, సెలైన్‌లో తడిపి పిండిన గాజ్ గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో బిగించి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో ఉంచి, 108కి ఫోన్ చేయాలి. ముక్కకు ఐసు నేరుగా తగిలితే చచ్చిపోతుంది. ఎముక బయటపడకుండా సుమారు సెంటీమీటరు లోపు కండ మాత్రమే పోతే, తడి ఆరనివ్వని కట్లతోనే అది పూడుతుంది, ముఖ్యంగా చిన్నపిల్లల్లో వేలి కొన ఆశ్చర్యపోయేంత చక్కగా తిరిగి పెరుగుతుంది. ఎముక కనబడితే పక్క చర్మాన్ని జరిపి కప్పే ఆపరేషన్ కావాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటినా, గాయం మురికిదై ఐదేళ్లు దాటినా మళ్లీ వేయించుకోవాలి. మనం ఇప్పటికీ టీటీ అంటున్నా ఇప్పుడు ఇచ్చేది ధనుర్వాతంతోపాటు డిఫ్తీరియాకు కూడా పనిచేసే టీడీ.

కట్టు విప్పిన తర్వాత కొన మొద్దుబారినట్లో, ఏది తగిలినా జివ్వుమన్నట్లో నెలల పాటు ఉంటుంది, డిసెంబరు ఉదయం బండి హ్యాండిల్ పట్టుకుంటే ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. డాక్టరు వంచవచ్చన్న రోజు నుంచే వేలిని ఆడించాలి. పుండు పూర్తిగా మానాక గిన్నెడు బియ్యంలో ఆ వేలిని ముంచి, రోజుకు నాలుగైదుసార్లు కొన్ని నిమిషాల చొప్పున మెల్లగా కలుపుతూ ఉంటే, ముందు భరించలేనంత గరుకుగా తోచిన గింజలు కొన్ని వారాలకు మామూలు బియ్యంలా తగులుతాయి.