నాలుగు బోర్డుల క్లస్టర్ నత్తనడక నడుస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

అరచేతిలో ఇమిడే కంప్యూటర్లయిన రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు నాలుగు, ఒక్కొక్కదానిలో 4 జీబీ మెమరీ, మధ్యలో గిగాబిట్ స్విచ్, బోర్డులు సందేశాలు మార్చుకుంటూ పని పంచుకోవడానికి ఎంపీఐ (MPI) అనే సాఫ్ట్‌వేర్. ఇంట్లో ఇలా బోర్డులను కలిపి ఒకే యంత్రంలా పనిచేయించే క్లస్టర్ కట్టుకున్న చాలామందికి మొదటి నిరాశ ఒకేలా ఎదురవుతుంది: ఒక్క బోర్డు ముగించిన లెక్కకు నాలుగు కలిస్తే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. అప్పుడే అయిదో బోర్డు కొనకండి. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు కంప్యూటర్లతో కట్టిన, ‘బేవుల్ఫ్’ అని పేరుపెట్టిన మొదటి క్లస్టర్‌లో ఉన్నవి 486 తరం ప్రాసెసర్లు 16, వాటిని కలిపింది 10 మెగాబిట్ల ఈథర్‌నెట్. మీ బల్ల మీదున్నది దానికంటే ఎన్నో రెట్లు బలమైనది.

ముందు ఒకే లెక్కను ఒక బోర్డు మీద, తర్వాత రెండింటి మీద, తర్వాత నాలుగింటి మీద నడిపి సమయాలు రాసుకోండి. ఆ మూడు అంకెలూ చేతిలో లేకపోతే మీరు చేసిన మార్పు మేలు చేసిందో కీడు చేసిందో తేల్చలేరు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

రెండో బోర్డు చేరగానే వేగం పడిపోతోంది

ముందుగా నెట్‌వర్క్‌ను అనుమానించండి. నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 (iperf3) ప్రోగ్రాంతో ప్రతి జత బోర్డుల మధ్య వేగం కొలవండి. 940 మెగాబిట్ల దరిదాపుల్లో ఉంటే లింకు ఆరోగ్యంగా ఉన్నట్టే. 94 దగ్గర ఆగిపోతే అది 100 మెగాబిట్లకు దిగిపోయింది. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి; ఒక్కటి తెగినా లింకు చప్పుడు లేకుండా పాత వేగానికి జారిపోవచ్చు. నేను రెండు సాయంత్రాలు ప్రోగ్రాంలో తప్పు వెతికి, చివరికి కేబుల్ మార్చగానే సమస్య పోవడం చూశాను. అప్పటినుంచి కోడ్ తెరవకముందే కేబుళ్లు పరీక్షిస్తున్నాను. మధ్యలో పాత పై 3బీ+ బోర్డు ఉంటే దాని పోర్టు పేరుకే గిగాబిట్. యూఎస్‌బీ 2 గుండా వెళుతుంది కాబట్టి 300 మెగాబిట్లు దాటదు.

లింకు బాగున్నా నెమ్మదిగా ఉంటే, మీ ప్రోగ్రాం చిన్న చిన్న సందేశాలు పంపుతోందేమో చూడండి. ప్రతి సందేశానికీ, అందులో ఎంత తక్కువ ఉన్నా, స్థిరమైన ఆలస్యం ఉంటుంది. వెయ్యి సంఖ్యలను వెయ్యిసార్లు పంపితే ఆ ఆలస్యాన్ని వెయ్యిసార్లు భరించాలి. ఒక వరుస మొత్తాన్ని, వీలైతే అనేక వరుసలను ఒకే సందేశంలో మూటగట్టి పంపండి. చిన్న క్లస్టర్లలో ఇంత లాభమిచ్చే మార్పు మరొకటి నేను చూడలేదు.

మొదట చురుకుగా నడిచి, కొన్ని నిమిషాలకు మందగిస్తోంది

వేడి, లేదా కరెంటు. పై 4 ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటాక తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో గది వేడికే సగం దూరం వచ్చేసినట్టు. వోల్టేజీ 4.63 కంటే పడిపోయినా వేగం తగ్గవచ్చు. నాలుగు బోర్డులకూ ఒకే చార్జర్ వాడేవారికి ఇది తరచూ ఎదురవుతుంది. వేగం తగ్గిందో లేదో చెప్పే ‘వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్’ (vcgencmd get_throttled) ఆదేశంతో అడగండి. జవాబు సున్నా అయితే నిశ్చింత. కాకపోతే ఫ్యాను పెట్టండి, ప్రతి బోర్డుకూ 5 వోల్టులు, 3 ఆంపియర్లు అందేలా చూడండి. ఒక్క బోర్డు వేడెక్కినా మిగిలిన మూడూ దాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోతాయి కాబట్టి నాలుగింటినీ విడివిడిగా అడగాలి.

కోర్లన్నీ నూరు శాతం పనిలో ఉన్నా ఫలితం రావడం లేదు

బోర్డుకు నాలుగు ఎంపీఐ ప్రాసెస్‌లు, అంటే ప్రోగ్రాం ప్రతులు నాలుగు, నడుపుతున్నారా? లోపల మాత్రికల లెక్కలు చేసే ఓపెన్‌బ్లాస్ లైబ్రరీ ఒక్కొక్కదానికి నాలుగేసి థ్రెడ్లు (సమాంతరంగా నడిచే పని పోగులు) తెరిస్తే, నాలుగు కోర్ల మీద పదహారు పోట్లాడుకుంటాయి. థ్రెడ్ల సంఖ్యను నిర్ణయించే ఓఎంపీ_నమ్_థ్రెడ్స్ (OMP_NUM_THREADS) విలువను 1 చేయండి. మీ టెర్మినల్‌లో పెట్టినంత మాత్రాన ఆ విలువ మిగతా బోర్డులకు చేరకపోవచ్చు. ఓపెన్ ఎంపీఐలో ‘-ఎక్స్’ (-x) జోడించి పంపాలి. బోర్డుకు ఒకే ప్రాసెస్, అందులో నాలుగు థ్రెడ్లు అనే పద్ధతినీ కొలిచి చూడండి, సందేశాలు తగ్గుతాయి.

లెక్క కాస్త పెద్దదవగానే కుప్పకూలుతోంది

మెమరీ వాడకం చూపే వీఎంస్టాట్ (vmstat) ఆదేశంలో ఎస్ఐ, ఎస్ఓ (si, so) నిలువు వరుసలు సున్నా కాకుండా కదులుతుంటే మెమరీ చాలక స్వాప్, అంటే డిస్కునే మెమరీగా వాడుకోవడం, మొదలైంది. ఎస్‌డీ కార్డు మీద స్వాప్ ఉంటే లెక్క ఇక సాగదు. వేగాన్ని కొలిచే లిన్‌ప్యాక్ పరీక్ష నడిపేవారు మొత్తం 16 జీబీలో 80 శాతం లోపే ఉండాలి: ఒక్కో సంఖ్యకు 8 బైట్లు చొప్పున మాత్రికలో అడ్డ వరుసలు 40,000, నిలువు వరుసలూ అన్నే, అక్కడ ఆగాలి. నేనైతే 36,000తో మొదలుపెడతాను.

ఫలితాలు రాసే సమయంలో అంతా ఆగిపోతోంది

బోర్డులన్నీ ఒకేసారి ఎన్ఎఫ్ఎస్ ఫోల్డర్‌లో, అంటే నెట్‌వర్క్ ద్వారా అన్నీ పంచుకునే ఫోల్డర్‌లో, రాస్తున్నాయి, అది ప్రధాన బోర్డు కార్డు మీదుంది. ప్రతి బోర్డూ తన సొంత డిస్కు మీద రాసుకుని, చివర్లో అన్నిటినీ ఒకచోట చేర్చాలి. ప్రధాన బోర్డుకు యూఎస్‌బీ 3 ఎస్ఎస్‌డీ పెడితే మరీ మంచిది.

అన్నీ సరిచేసినా నాలుగు రెట్లు రావడం లేదు

1967లో కంప్యూటర్ రూపకర్త జీన్ ఆమ్‌డాల్ చూపిన పరిమితి ఇక్కడ అడ్డు నిలుస్తుంది: పంచుకోలేని పని ఎంత ఉంటే వేగం అంతకు కట్టుబడి ఉంటుంది. పనిలో పది శాతం ఒక్క బోర్డే చేయాల్సినదైతే నాలుగు బోర్డులతో దక్కేది గరిష్ఠంగా 3.08 రెట్లు, అయిదో బోర్డు కొన్నా 3.57. ఆ పది శాతం ఏమిటో వెతకండి. చాలాసార్లు అది ప్రధాన బోర్డు ఒంటరిగా ఫైలు చదివి అందరికీ పంచే దశ. ఆ ఫైలును ముందే నాలుగు ముక్కలు చేసి ఏ బోర్డు ముక్కను ఆ బోర్డు డిస్కు మీదే ఉంచితే, మీరు మొదట రాసుకున్న మూడు అంకెల్లో చివరిది కదులుతుంది.