తేదీ దాటిందని ఆముదం తాగించొద్దు
డాక్టరు చెప్పిన కానుపు తేదీ దాటగానే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు కొన్ని ఇళ్లలో నొప్పులు రావాలని ఆముదం సీసా బయటికొస్తుంది. వద్దు. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గుతుంది. నొప్పులొస్తాయన్న నమ్మకమూ లేదు. తేదీకి అటూఇటూ కానుపు కావడం మామూలే. 40 వారాలు దాటితే మాత్రం ఆసుపత్రిలో చూపించుకోవాలి, 41 కల్లా నొప్పులు తెప్పించాలా అన్నది వాళ్లే చూస్తారు.

నొప్పి మొదలైతే రెండు గ్లాసుల నీళ్లు తాగి ఎడమవైపు తిరిగి పడుకోండి. గంటలో సద్దుమణిగితే చాలావరకు దొంగ నొప్పులే. అసలువి దగ్గర దగ్గరవుతూ, బలపడుతూ వస్తాయి. ఐదు నిమిషాలకొకటి వచ్చేదాకా ఆగడం పట్నం లెక్క; కొండ ఊళ్ల వాళ్లు పది నిమిషాలకొకటి రాగానే 102 అంబులెన్సుకి ఫోన్ చేయాలి. దారి మరీ కష్టమైతే ఆశా కార్యకర్తనడిగి ముందే 'మా గృహ'లో (కానుపు దగ్గరపడ్డ గర్భిణులు ఉండే ప్రభుత్వ వసతి) చేరడం మేలు.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకుండా బయల్దేరండి.