ఒంటి మీద ర్యాష్, కొద్దిపాటి జ్వరం: జికానా, డెంగీనా, ఇంకేదైనానా?

జికా ర్యాష్‌ని కంటితో చూసి ఇదే అని తేల్చడం డాక్టర్ల వల్ల కూడా కాదు. జికా అంటే దోమ కాటుతో సోకే ఒక వైరస్ జబ్బు. డెంగీ, చికున్‌గున్యా, రుబెల్లా, మాత్ర పడక వచ్చిన ఎలర్జీ, ఇవన్నీ మొదటి రోజు దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది మూడు ప్రశ్నల దగ్గర. జ్వరం ముందొచ్చిందా, ర్యాష్ ముందొచ్చిందా? ఇవాళ్టికి ఎన్నో రోజు? ఇంట్లో గర్భిణి ఎవరైనా ఉన్నారా? వీటికి జవాబులు ఒక కాగితం మీద రాసుకుని కిందికి చదవండి.

బెంగళూరులో ఉంటున్న మనవాళ్ళకు ఇది ఎక్కడో బ్రెజిల్ సంగతి కాదు. 2022 డిసెంబరులో రాయచూరు జిల్లాలో ఐదేళ్ళ పాపకు జికా బయటపడింది. 2023లో చిక్కబళ్ళాపుర జిల్లా తలకాయలబెట్టలో పట్టిన దోమల్లో వైరస్ దొరికింది. 2024 ఆగస్టులో బెంగళూరు శివారు జిగణిలో కేసులు వచ్చాయి. 

ముందు ర్యాష్‌ని సరిగ్గా చూడండి

చామనఛాయ ఒంటి మీద ర్యాష్ ఫోటోల్లోలాగా ఎర్రగా కనిపించదు. చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త ముదురుగా ఉంటుందంతే. ట్యూబ్‌లైటు వెలుగులో అదీ తెలియదు. పగటిపూట కిటికీ దగ్గర నిలబెట్టి మోచేతి లోపలి వైపు, పొట్ట, వీపు చూడండి. వేళ్ళతో మెల్లగా నిమిరితే, కంటికి కనిపించనిది కూడా సన్నని గరుకుగా చేతికి తగులుతుంది.

తర్వాత ఒక గాజు గ్లాసును మచ్చ మీద ఆనించి నొక్కి, గ్లాసులోంచి చూడండి. నొక్కినప్పుడు రంగు పోయి, తీయగానే మళ్ళీ వస్తే అది మామూలు వైరల్ ర్యాష్ కావచ్చు. నొక్కినా చుక్కలు అలాగే ఉంటే చర్మం కింద రక్తం చిమ్మిందని అర్థం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడూ, మెదడు పొరలకు సోకే ఒక రకం బాక్టీరియా జబ్బులోనూ ఇలా అవుతుంది. జ్వరంతో పాటు అలాంటి చుక్కలు కనిపిస్తే ఇక్కడితో చదవడం ఆపేసి ఎమర్జెన్సీకి వెళ్ళండి. రాత్రి రెండు గంటలైనా సరే, తెల్లారనిద్దాం అనుకోవద్దు.

సమస్య: ఒళ్ళంతా దురదతో ర్యాష్, జ్వరం అంతంతమాత్రం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి

కారణం: జికా అయ్యే అవకాశం ఉంది. ర్యాష్ సన్నని పొక్కులూ మచ్చలూ కలిసి ముఖం, ఛాతీ దగ్గర మొదలై కాళ్ళూ చేతులకు పాకుతుంది. కళ్ళు ఎర్రబడతాయి గానీ పుసి కట్టదు. మణికట్టు, వేళ్ళు, చీలమండల దగ్గర నొప్పి ఉంటుంది. దోమ కుట్టిన 3 నుంచి 14 రోజుల్లో మొదలై వారం లోపే తగ్గిపోతుంది. అసలు సోకినవాళ్ళలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. ఇబ్బందంతా అక్కడే ఉంది: ఆఫీసుకు వెళ్ళి వస్తూ, తనకు సోకిందని కూడా తెలియని మనిషి నుంచి దోమ దాన్ని పక్కింటికి చేరవేస్తుంది.

పరిష్కారం: జికాకు ప్రత్యేకంగా మందు లేదు, టీకా లేదు. విశ్రాంతి, బాగా నీళ్ళు, జ్వరానికి పారాసిటమాల్, దురదకు కాలమైన్ లోషన్, గోరువెచ్చని నీళ్ళ స్నానం. మెడికల్ షాపులో ఒళ్ళునొప్పుల మాత్ర అడిగితే చేతిలో పెట్టే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ మాత్రం డెంగీ కాదని తేలేదాకా వేసుకోకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండెకు రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్ళు సొంతంగా మానేయకుండా డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

పరీక్షలో రోజుల లెక్క ముఖ్యం. మొదటి వారంలో రక్తం, రెండు వారాల దాకా మూత్రం, వైరస్‌ను నేరుగా వెతికే ఆర్‌టీ-పీసీఆర్‌కు పనికొస్తాయి. ఆ తర్వాత, వైరస్ మీద ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను వెతికే ఐజీఎం యాంటీబాడీ పరీక్షతో ఒక చిక్కుంది. జికా, డెంగీ ఒకే కుటుంబం వైరస్‌లు కాబట్టి, ఇదివరకు డెంగీ వచ్చినవాళ్ళకు జికా పరీక్ష కూడా పాజిటివ్ చూపించవచ్చు. ఆ ఒక్క రిపోర్టు పట్టుకుని కంగారు పడొద్దు, నిర్ధారణ పరీక్ష అడగండి.

ర్యాష్ తగ్గిన కొద్దిరోజులకో, వారాలకో కాళ్ళలో తిమ్మిరి మొదలై పైకి పాకుతూ, మెట్లెక్కడం కష్టమైతే ఆలస్యం చేయకండి. అరుదే అయినా జికా తర్వాత గిలాన్-బారే అనే నరాల జబ్బు వస్తుంది. న్యూరాలజీ విభాగం ఉన్న ఆసుపత్రికి అదే రోజు వెళ్ళాలి.

సమస్య: 103 డిగ్రీల జ్వరం, కళ్ళ వెనక నొప్పి, మూడు నాలుగు రోజులకు ర్యాష్

కారణం: ఇక్కడ మొదట అనుమానించాల్సింది డెంగీని. ఇంట్లో అందరూ జికా అని టెన్షన్ పడుతుంటే అసలు ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

పరిష్కారం: మొదటి ఐదు రోజుల్లో డెంగీని పట్టే ఎన్ఎస్1 రక్త పరీక్ష, రక్తంలో కణాల లెక్క చేయించండి. ఓఆర్ఎస్, గంజి, కొబ్బరి నీళ్ళు తాగిస్తూ ఉండండి. జ్వరం దిగగానే గండం గడిచిందనుకుని మనిషిని ఒంటరిగా వదిలేయడం చాలా ఇళ్ళలో జరుగుతుంది, ముఖ్యంగా పీజీల్లో ఉండే పిల్లల విషయంలో. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే ప్రమాదకరం, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారేది అప్పుడే. కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచి రక్తం, చేతులు చల్లబడడం, మగతగా పడి ఉండడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాలి. బొప్పాయి ఆకు రసం తాగించి చూద్దాం అని ఆగిన పూట తిరిగి రాదు.

జ్వరంతో పాటు మంచం దిగలేనంత కీళ్ళనొప్పులుంటే చికున్‌గున్యా అనుకోవచ్చు. తగ్గాక కొందరికి ముక్కు మీద నల్లమచ్చ మిగులుతుంది. నొప్పులు నెలల తరబడి ఉండొచ్చు గానీ, చికిత్స ఉంది.

సమస్య: పిల్లలకు ర్యాష్

నీటి పొక్కులు విడతలు విడతలుగా లేస్తుంటే ఆటలమ్మ. దగ్గు, జలుబు, తీవ్రమైన జ్వరం ముందొచ్చి, చెవుల వెనక మొదలైన మచ్చలు కిందికి దిగుతుంటే తట్టు. తట్టుకు విటమిన్ ఎ మోతాదు ఇప్పించాలి, టీకా కార్డు చూసుకోవాలి. అరచేతుల్లో, అరికాళ్ళలో, నోట్లో పుండ్లుంటే చేయి-పాదం-నోటి జబ్బు. వేపాకు పరుపు మీద పరచడం వల్ల నష్టం లేదు, అమ్మవారు పోసిందని డాక్టరుకు చూపించకుండా దాచడం వల్లే నష్టం. ఇంట్లో గర్భిణి ఉంటే ఏదో తేలేదాకా బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టండి.

సమస్య: వైరల్ అనుకున్నాం, కాదేమో

కొత్త మాత్ర మొదలుపెట్టిన వారం పది రోజుల్లో ర్యాష్ వస్తే ఆ మాత్ర పేరు డాక్టరుకు చెప్పండి. ఉబ్బెత్తుగా లేచి, గంటల్లో ఒకచోట మాయమై ఇంకోచోట లేచేవి ఎలర్జీ దద్దుర్లు. ఊరెళ్ళి పొలాల్లోనో, నంది హిల్స్ వైపు పొదల్లోనో తిరిగి వచ్చాక జ్వరం వస్తే చంకలు, గజ్జలు, రొమ్ము కింద, నడుము పట్టీ దగ్గర వెతకండి. సిగరెట్టుతో కాల్చినట్టు నొప్పిలేని నల్లటి పెచ్చు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ అనే, సన్నని పురుగు కాటుతో వచ్చే జ్వరానికి గుర్తు. డాక్సీసైక్లిన్‌తో త్వరగా లొంగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. సిగ్గుపడి చూపించకపోతే చాలా నష్టం.

సమస్య: ఇంట్లో గర్భిణి ఉంది, ఆమెకో భర్తకో ర్యాష్ వచ్చింది

జికా గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఇదే. తల్లికి రెండు రోజుల దురదతో పోయే వైరస్, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీయగలదు. తల చిన్నదిగా పుట్టడం, చూపు, వినికిడి లోపాలు రావడం దీనివల్లే. అలాగని గుండెలు బాదుకోవద్దు. సోకిన తల్లుల బిడ్డల్లో 5 నుంచి 15 శాతం మందిలో జికా సంబంధ సమస్యలు ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఎక్కువమంది బిడ్డలు క్షేమంగానే పుడతారు.

పరిష్కారం: ర్యాష్ తగ్గిపోయినా సరే, గైనకాలజిస్టుకు అదే వారం చెప్పి రక్తం, మూత్రం పరీక్ష చేయించాలి. తేలితే వరుసగా స్కాన్‌లు ఉంటాయి. ఒక స్కాన్ నార్మల్ వచ్చిందని మిగతావి మానకూడదు, తల ఎదుగుదలలో తేడా ఆలస్యంగా బయటపడవచ్చు. జికా లైంగికంగా కూడా సోకుతుంది. అందుకని వ్యాప్తి ఉన్న ప్రాంతంలో కాన్పయ్యేదాకా దంపతులు కండోమ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. పిల్లల కోసం చూస్తున్న జంటలో మగవాడికి సోకితే మూడు నెలలు, ఆడమనిషికైతే రెండు నెలలు ఆగాలి. బిడ్డ పుట్టాక తల్లిపాలు నిశ్చింతగా ఇవ్వొచ్చు.

మన ఇళ్ళలో ఇంకో సంగతి ఉంది. మూడో నెలలో బెంగళూరులో ర్యాష్ వస్తుంది. "ఏదో వేడి చేసిందిలే అమ్మా, తగ్గిపోయింది" అని ఫోన్లో ఒక మాట. ఏడో నెలలో సీమంతం చేసుకుని మదనపల్లెకో కదిరికో పుట్టింటికి వెళ్తుంది. అక్కడ కాన్పు చేసే డాక్టరమ్మకు ఆ ర్యాష్ సంగతే తెలియదు. ర్యాష్ వచ్చిన తేదీ, జ్వరం ఎంత ఉందో, రిపోర్టులు, స్కాన్ కాగితాలు అన్నీ ఫైల్లో పెట్టి చీరలతో పాటు పంపండి. అత్తగారు, అమ్మ ఇద్దరికీ ఈ విషయం తెలిసి ఉండాలి.

సమస్య: మందు కొట్టించినా దోమలు తగ్గట్లేదు

కారణం: జికా, డెంగీ, చికున్‌గున్యా మూడింటినీ మోసేది ఒకే దోమ, కాళ్ళ మీద తెల్ల చారలుండే ఏడిస్. మురుగులో కాదు, మనం దాచుకున్న మంచినీళ్ళలో పెరుగుతుంది. కావేరి నీళ్ళు రోజూ రాని వీధుల్లో ప్రతి ఇంటికీ ఒక సంపు, బాత్రూములో నీలం డ్రమ్ము తప్పవు. ఆ డ్రమ్ములో టార్చి వేసి చూడండి. నీటి అంచుకు కాస్త పైన గోడకు మసి చుక్కల్లా అంటుకుని ఉండేవి గుడ్లు. నీళ్ళు ఒంపేసినా అవి ఎండి, నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగే సన్నని పురుగులు కనిపిస్తే, వారం లోపే అవి దోమలై లేస్తాయి.

పరిష్కారం: వారానికొకసారి డ్రమ్ము ఖాళీ చేసి గోడలు పీచుతో గట్టిగా రుద్దాలి. సంపు మూత సందులు లేకుండా కూర్చోవాలి, విరిగి ఉంటే ఓనరుతో మాట్లాడి మార్పించండి. ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, కుండీల కింద పళ్ళేలు మరవద్దు. ఈ దోమ కుట్టేది పగలే, ఉదయమూ సాయంత్రమూ మరీ ఎక్కువ. అందుకే గర్భిణి మధ్యాహ్నం కునుకు తీసినా దోమతెర ఉండాలి. దోమల్ని దూరం పెట్టే డీట్ లేదా పికారిడిన్ అనే మందు ఉన్న క్రీము డబ్బా మీద రాసినట్టు వాడితే ఆమెకు హాని లేదు. ర్యాష్ వచ్చిన మనిషిని కూడా మొదటి వారం తెరలోనే పడుకోబెట్టండి, లేకపోతే ఇంట్లో దోమ ఆ మనిషి దగ్గర వైరస్ తీసుకుని పక్క గదిలోకి వెళ్తుంది.